బల్బు మార్చే ముందు అద్దం చూడండి

కామారెడ్డి, ఎల్లారెడ్డి రోడ్ల మీద తిరిగే కార్ల వయసు తెలియాలంటే నంబరు ప్లేటు చూస్తే చాలు. ఏపీ 25 అని ఉంటే అది 2014 జూన్‌లో తెలంగాణ ఏర్పడక ముందు, ఉమ్మడి నిజామాబాద్ జిల్లాలో రిజిస్టరైన బండి. టీఎస్ 16 అంటే ఆ తర్వాతిది. టీఎస్ 17 అంటే 2016 అక్టోబరు 11న కామారెడ్డి వేరే జిల్లా అయ్యాక వచ్చింది. టీజీ అని ఉంటే 2024లోనో ఆ తర్వాతో కొన్నది. ఈసారి ఏ బస్టాండు దగ్గరో నిలబడినప్పుడు ఏపీ 25 కార్ల ముందు భాగం ఒకసారి చూడండి. ఇంజను బాగానే ఉంటుంది, టైర్లు కొత్తవే ఉంటాయి, రంగు కూడా మెరుస్తూ ఉండవచ్చు. హెడ్‌లైట్లు మాత్రం పసుపు పట్టి, పాలు పోసినట్టు మసకబారి ఉంటాయి. రాత్రి రోడ్డు సరిగా కనబడడం లేదని ఆ బండి యజమాని మెకానిక్ షెడ్డుకు వెళతాడు. ఎక్కువ వాట్ల బల్బో, తెల్లగా వెలిగే ఎల్ఈడీయో వేయించుకుని వస్తాడు. ఈ చికిత్స రోగానికి తగినది కాదని, ఇందువల్ల ఎదుటివాడికి కీడు కూడా జరుగుతుందని నేను చెప్పదలచాను. చాలా పాత కార్లలో లోపం బల్బు దగ్గర ఉండదు, బల్బు ముందున్న అద్దం పై పొరలో ఉంటుంది. ముందు ఆ పొరను బాగు చేయాలి, అది బాగుపడే స్థితిలో లేకపోతే డూమ్, అంటే హెడ్‌లైటు మొత్తాన్నీ మార్చాలి. బల్బు సంగతి ఆ తర్వాతే.

మనం అద్దం అంటున్నాం గానీ నేటి హెడ్‌లైటు ముందు ఉండేది గాజు కాదు. అంబాసిడర్ కారుకు గుండ్రటి గాజు ఉండేది. రాయి తగిలితే పగిలేదేమో గానీ ఎండకు పసుపు పట్టేది కాదు. ఇప్పుడు వాడేది పాలీకార్బనేట్ అనే ప్లాస్టిక్. 1953లో జర్మనీలో హెర్మన్ ష్నెల్ అనే రసాయన శాస్త్రవేత్త దాన్ని కనుగొన్నాడు. మొన్నటి దాకా మనం పాటలు విన్న సీడీలు కూడా దానితో చేసినవే. తేలికగా ఉంటుంది, దెబ్బకు ఓర్చుకుంటుంది, ఏ వంపుకైనా ఒదుగుతుంది. అందుకే కార్ల కంపెనీలు గాజును వదిలి దీన్ని పట్టుకున్నాయి. దీనికి రెండు బలహీనతలు ఉన్నాయి. సులువుగా గీతలు పడతాయి, ఎండలోని అతినీలలోహిత కిరణాలకు పసుపు పట్టి పెళుసవుతుంది. ఈ రెండింటి నుంచీ కాపాడడానికి ఫ్యాక్టరీలోనే దాని మీద గట్టి పారదర్శకపు పూత వేస్తారు. ఏళ్ళ తరబడి ఎండకు, దుమ్ముకు, ఎదురుగాలిలో వచ్చి కొట్టే ఇసుక రేణువులకు ఆ పూత సన్నగా బీటలిచ్చి పొలుసులుగా రాలుతుంది. ఆపైన ఎండ నేరుగా ప్లాస్టిక్ మీద పడుతుంది. ఎండాకాలంలో నలభై డిగ్రీలు దాటే మన ప్రాంతంలో, గ్యారేజీ లేక ఇంటి ముందు ఆరుబయటే నిలబడే కారుకు ఇది తప్పేది కాదు. ఇదంతా ఎండ పనే అనడానికి రుజువు బండి మీదే ఉంటుంది. చాలా కార్లలో హెడ్‌లైటు పై అంచు కొంత మేర బానెట్ కింద దాగి ఉంటుంది. బానెట్ ఎత్తి ఆ సన్నటి పట్టీని చూడండి, పదేళ్ళ బండిలో కూడా అది షోరూమ్‌లో ఉన్నట్టే తేటగా ఉంటుంది. దాని పక్కనే, వేలెడు దూరంలో, ఎండ సూటిగా పడే పైభాగం అన్నిటికన్నా ఎక్కువ పసుపు పట్టి ఉంటుంది. కిందికి వచ్చేకొద్దీ మసక తగ్గుతుంది. రోజూ ఒకే చోట, ఒక పక్క మాత్రమే చెట్టు నీడ పడేలా పెట్టే కారుకైతే రెండు హెడ్‌లైట్లలో ఒకటే ఎక్కువగా చెడిపోతుంది.

ఇంత సన్నటి పొర ఎంత వెలుతురును మింగుతుందన్నది అసలు ప్రశ్న. అమెరికాలో ట్రిపుల్ ఏ అని పిలిచే వాహనదారుల సంఘం 2018లో దీన్ని కొలిచింది. సుమారు 11 ఏళ్ళు వాడిన కార్ల మసక హెడ్‌లైట్లను ప్రయోగశాలలో పెట్టి చూస్తే, కొత్తవాటి వెలుతురులో 20 శాతమే వస్తున్నట్టు తేలింది. రుద్ది పాలిష్ పెడితే అవి 70 శాతం దాకా తేరుకున్నాయి. ఆ 20 శాతం లెక్క మన ప్రతి బండికీ అక్షరాలా వర్తిస్తుందని అనను. ఒక బండిలో మసక తక్కువ, మరొక దానిలో ఎక్కువ. కానీ ఆ అంకెను రోడ్డు మీదికి తెచ్చి చూస్తే విషయం తేటపడుతుంది. వెలుతురు రెట్టింపు దూరం వెళితే నాలుగో వంతుకు పలచబడుతుంది. కొత్త హెడ్‌లైటు డిమ్‌లో అరవై మీటర్ల దూరాన ఉన్న మనిషిని చూపిస్తుందనుకుందాం. వెలుతురు ఐదో వంతుకు పడిపోతే అదే మనిషి మీద అంతే కాంతి పడడానికి బండి 27 మీటర్ల దగ్గరికి రావాలి. గంటకు అరవై కిలోమీటర్ల వేగంతో పోయే కారు సెకనుకు దాదాపు 17 మీటర్లు వెళుతుంది. మనిషిని చూసి, బ్రేకు మీద కాలు వేసేసరికి సెకనున్నర, అంటే 25 మీటర్లు. పొడి రోడ్డు మీద బండి ఆగడానికి మరో 20 మీటర్లు. మొత్తం 45. కనబడేది 27 మీటర్ల నుంచి, ఆగేది 45 మీటర్లకు. అద్దం రుద్దించి వెలుతురు 70 శాతానికి తెస్తే కనబడే దూరం 50 మీటర్లకు పెరుగుతుంది, బండి మనిషికి ఇవతలే ఆగుతుంది. బతుకుకూ చావుకూ మధ్య తేడా ఇక్కడ కేవలం కొన్ని మీటర్లు.

మన రోడ్ల మీద ఈ మీటర్ల విలువ ఇంకా ఎక్కువ. కామారెడ్డి నుంచి తాడ్వాయి, లింగంపేట మీదుగా ఎల్లారెడ్డికి వచ్చే దారిలో ఊళ్ళు దాటాక వీధి దీపం ఉండదు. వానాకాలం పంట కోతలప్పుడు, యాసంగి కోతలప్పుడు రోడ్డుకు ఒక పక్క వడ్లో మక్కలో ఆరబోసి ఉంటాయి. రాత్రికి వాటిని కుప్ప చేసి నల్లటి కవరు కప్పి, చుట్టూ బండరాళ్ళు పేరుస్తారు. నల్ల తారు మీద నల్ల కవరు, దాని అంచున రాయి. వెనక ఎర్ర దీపం లేని ట్రాక్టరు ట్రాలీలు, పొలం నుంచి ఆలస్యంగా ఇంటికి తోలుకొచ్చే బర్లు కూడా ఉంటాయి. మెదక్ నుంచి పోచారం, నాగిరెడ్డిపేట మీదుగా వచ్చే రోడ్డయితే అభయారణ్యాన్ని ఆనుకుని వస్తుంది కనుక అడవి పందులు, మనుబోతులు అడ్డం వస్తాయి. ఆరబోత మీద రైతును తిట్టడం సులువు. కల్లాలు చాలినన్ని లేని చోట అతనికి ఉన్న చదునైన నేల రోడ్డే. ఆ సమస్యకు వేరే పరిష్కారం కావాలి, దాని కోసం అడగాలి కూడా. అది వచ్చేదాకా కుప్ప అక్కడే ఉంటుంది కాబట్టి దాన్ని చూడగలిగే దీపం మన బండికి ఉండాలి. దేశంలో 2022లో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖ నివేదిక చెబుతోంది. ప్రమాదాలు అన్నిటికన్నా ఎక్కువగా జరిగే వేళ సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది. దాదాపు ఐదో వంతు ఆ మూడు గంటల్లోనే. ఆ వేళకు రద్దీ, అలసట, తాగుడు అన్నీ తోడవుతాయి, నేరమంతా హెడ్‌లైటు మీద మోపలేం. అయినా ఆ కారణాల్లో మన చేతుల్లో, మన ఇంటి ముందే బాగుచేసుకోగలిగింది ఇదొకటి.

ఇక బల్బు సంగతి. వెలుతురు తక్కువైతే ఎక్కువ వెలుతురిచ్చే బల్బు వేయడంలో తప్పేముందని అడుగుతారు. మసక అద్దం వెలుతురును కొంత ఆపుతుంది, మిగతాదాన్ని చెదరగొడుతుంది. సరైన హెడ్‌లైటులో డిమ్ కాంతికి పైన కత్తిరించినట్టు ఒక గీత ఉంటుంది. దాని కింద రోడ్డు, పైన చీకటి. ఎదుటివాడి కళ్ళు ఆ చీకటిలో ఉంటాయి కనుక అతనికి ఇబ్బంది ఉండదు. అద్దం మసకబారితే ఆ గీత చెరిగిపోతుంది. రోడ్డు మీద పడాల్సిన కాంతి నలుదిక్కులా చిమ్మి, కొంత ఎదుటివాడి కళ్ళలో పడుతుంది. అంటే డిమ్‌లో పెట్టినా అతనికి డిమ్ కొట్టినట్టు ఉండదు. ఈ స్థితిలో 60/55 వాట్ల బల్బు తీసి 100/90 వేస్తే రోడ్డు మీద పడేది కాస్త పెరుగుతుంది, ఎదుటివాడి కళ్ళలో పడేదీ అంతే పెరుగుతుంది. కంటి మీద ఆ జిగేలు తగిలిన మనిషికి మళ్ళీ చూపు కుదురుకోవడానికి కొన్ని సెకన్లు పడుతుంది, ఆ సెకన్లలో బైకు మీద ఉన్నవాడు రోడ్డు అంచును చూడకుండానే ముందుకు వెళుతుంటాడు. పైగా ఆ వేడికి హోల్డరు, కప్లరు కరుగుతాయి, లోపలి రిఫ్లెక్టరు మెరుపు పోతుంది. హాలోజన్ కోసం చేసిన డూమ్‌లో ఎల్ఈడీ పెట్టినా ఇదే కథ. రిఫ్లెక్టరు వంపు మొత్తం ఫిలమెంటు ఉండే ఆ ఒక్క బిందువును లెక్కలో పెట్టుకుని తీర్చినది. వెలిగే చోటు కాస్త జరిగినా కాంతి గురి తప్పుతుంది. బండి ముందు పది గజాలు తెల్లగా మెరిసిపోవడంతో నడిపేవాడికి బాగా కనబడుతున్నట్టే అనిపిస్తుంది, దూరాన ఉన్నది మాత్రం కనబడదు.

బల్బు వైపు చూడాల్సిన పని అసలే లేదని కాదు. పాత బండిలో వైర్లు నలిగి, ఎర్త్ దగ్గర తుప్పు పట్టి బల్బుకు అందే వోల్టేజీ తగ్గుతుంది. హాలోజన్ బల్బుకు వోల్టేజీ పది శాతం తగ్గితే వెలుతురు దాదాపు ముప్పై శాతం పడిపోతుంది. కాబట్టి అద్దం బాగుచేసే రోజే ఎర్త్ వైరు విప్పి, తుప్పు గీకి, బిగించమని ఎలక్ట్రీషియన్‌కు చెప్పండి. బల్బు బుడగ లోపల నల్లబడి ఉంటే అదే వాట్లది, జతగా మార్చండి.

అద్దం రుద్దితే బాగుపడుతుందా, మార్చాల్సిందేనా అన్నది తేల్చుకోవడానికి చెంబెడు నీళ్ళు చాలు. హెడ్‌లైటు కడిగి, తడిగా ఉండగానే చూడండి. తడిలో తేటగా కనబడి, ఆరగానే మళ్ళీ మసకబారితే లోపం పై పొరలోనే ఉంది. పగుళ్ళలో నీరు నిండడంతో తాత్కాలికంగా తేటపడింది. అది రుద్దితే పోతుంది. తడిలో కూడా మసకగానే ఉంటే లోపం లోపలి వైపు ఉంది, లేదా పగుళ్ళు లోతుగా దిగాయి. రుద్దే పని డెంటింగ్, పెయింటింగ్ చేసే ఏ షెడ్డులోనైనా తెలిసినదే. చుట్టూ ఉన్న రంగు గీసుకుపోకుండా టేపు అంటిస్తారు. సబ్బు నీళ్ళు పోస్తూ 800 లేదా 1000 నంబరు వాటర్ పేపరుతో మొదలుపెడతారు. మొదట కారే నీళ్ళు పసుపుగా ఉంటాయి. అది చచ్చిపోయిన పాత పూత. అది పూర్తిగా పోయి నీళ్ళు తెల్లగా కారేదాకా ఆగకూడదు. తొందరపడేవాళ్ళు పని చెడగొట్టేది ఇక్కడే. ఈ దశలో అద్దం మునుపటికంటే ఘోరంగా, గరుకు గాజులా కనబడుతుంది, భయపడనక్కర్లేదు. తర్వాత 1500, 2000, 3000 నంబర్లతో ఒకసారి అడ్డంగా, ఒకసారి నిలువుగా రుద్దుతూ వెనకటి గీతలు చెరిపేస్తారు. ఆపైన రబ్బింగ్ కాంపౌండుతో, మెషిను ఒకే చోట ఆపకుండా పాలిష్ చేస్తారు. ఆపితే వేడికి ప్లాస్టిక్ కాలుతుంది.

చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. ఇంటికి తెచ్చుకున్న బండి కొత్తదానిలా మెరుస్తుంది, నాలుగైదు నెలలకు మళ్ళీ పసుపు పడుతుంది. దాంతో రుద్దించడం దండగ, డబ్బు నీళ్ళలో పోసినట్టే అనే మాట పుట్టింది. ఆ మాటలో సగం నిజం ఉంది. పాత పూత మొత్తం గీకేశాక మిగిలేది కవచం లేని ప్లాస్టిక్. గోడ గీకి సున్నం వేయకుండా వదిలేస్తే ఏమవుతుందో దానికీ అదే అవుతుంది. కాబట్టి రుద్దడం సగం పని, మిగతా సగం పూత. సర్జికల్ స్పిరిట్‌తో తుడిచి, ఎండను తట్టుకునే, హార్డ్‌నరు కలిపి కొట్టే టూకే క్లియర్ కోటును పలచగా మొదటి చెయ్యి, ఆరాక నిండుగా రెండో చెయ్యి స్ప్రే చేయించాలి. మొదటి చెయ్యే మందంగా కొడితే అందులోని థిన్నరు ప్లాస్టిక్‌ను తినేస్తుంది. టూకే హార్డ్‌నరులోని రసాయనం ఊపిరితిత్తులకు మంచిది కాదు, స్ప్రే చేసే పిల్లవాడికి సరైన మాస్కు ఉందో లేదో చూడడం పని ఇచ్చిన మన బాధ్యత కూడా. టూత్‌పేస్టుతో రుద్దితే చాలని చెప్పేవాళ్ళున్నారు. పేస్టులో సన్నటి గరుకు పొడి ఉంటుంది కనుక పలచటి మసక కొంత పోతుంది, పూత మాత్రం తిరిగి రాదు. పెట్రోలు, థిన్నరు, దోమల మందు రాస్తే తళుక్కుమంటుందని చెప్పే మాట మాత్రం అస్సలు వినకండి. అవి పై పొరను కరిగించి క్షణం పాటు నునుపు చేస్తాయి, తర్వాత ప్లాస్టిక్ లోపలి దాకా సన్నటి పగుళ్ళు పరుస్తాయి. ఆ పగుళ్ళను ఏ పేపరూ తీయలేదు.

అలాంటి పగుళ్ళున్నా, లోపల నీళ్ళు నిలుస్తున్నా, రిఫ్లెక్టరు పొర ఊడినా డూమ్ మార్చడమే దారి. వానాకాలం పొద్దున లోపల కాస్త ఆవిరి పట్టి, లైటు వేసిన కాసేపటికి పోతే అది జబ్బు కాదు. పాత మోడళ్ళకు డూమ్‌ల జత కొన్ని వేల రూపాయలవుతుంది, అందులోనూ కంపెనీదీ డూప్లికేటూ ఉంటాయి. ట్రిపుల్ ఏ పరీక్షలో బయటి కంపెనీల డూమ్‌లు కొత్త ఒరిజినల్ వెలుతురులో 83 నుంచి 90 శాతం ఇచ్చాయి. అంటే మంచి డూప్లికేటు అయినా రుద్దినదానికంటే మెరుగే, అయితే ఏ డూప్లికేటైనా మంచిదే అనుకోకూడదు. మన దేశంలో ఎడమ పక్క నడుస్తాం కనుక డిమ్ కాంతి ఎడమ వైపు కొంచెం పైకి లేవాలి, రోడ్డు అంచున నడిచే మనిషి కనబడడానికి. కుడి వైపు లేచే డూమ్ అయితే అది వేరే దేశపు సరుకు, ఎంత చవకైనా తిరిగి ఇచ్చేయండి. రుద్దినా మార్చినా చివరకు లైటు గురి సరిచూడాలి. చదును నేల మీద బండిని గోడకు పది మీటర్ల దూరంలో నిలిపి డిమ్ వేస్తే, గోడ మీద కాంతి పై గీత హెడ్‌లైటు ఎత్తుకంటే సుమారు పది సెంటీమీటర్లు కిందికి ఉండాలి. వెనక సీటులో నలుగురు, డిక్కీలో సామాను ఎక్కితే ముక్కు పైకి లేస్తుంది, అందుకే చాలా కార్లలో లైటు గురి దించడానికి డ్యాష్‌బోర్డు దగ్గర చిన్న చక్రం ఇస్తారు. అది ఉందన్న సంగతే ఎక్కువమందికి తెలియదు.

అమ్మితే లక్ష కూడా రాని బండికి ఇంత ఖర్చెందుకు, నేను రాత్రుళ్ళు ఎక్కువ నడపను కదా అనే ప్రశ్న వస్తుంది. కాగితాలు, కాంపౌండు, పూత, కూలి కలిపినా కొత్త డూమ్‌ల జత ధరలో కొంత భాగమే. ఇక రాత్రి ప్రయాణం మనం ఎంచుకునేది కాదు. ఎల్లారెడ్డికి రైలు లేదు, రైలెక్కాలంటే కామారెడ్డి స్టేషనుకు పోవాలి. గల్ఫ్ వెళ్ళే కొడుకును శంషాబాద్ విమానాశ్రయంలో దించడానికి ఎన్ని ఇళ్ళ నుంచి అర్ధరాత్రి కార్లు బయలుదేరుతాయో ఈ జిల్లాలో అందరికీ తెలుసు. పురిటి నొప్పులు పొద్దు చూసి రావు. పాత బండికి పాత దీపం చాలని అనుకుంటాం. కొత్త కార్లలో ఎయిర్ బ్యాగులు, యాంటీ లాక్ బ్రేకులు ఉన్నాయి. ఆ రక్షణలు లేని పాత బండికే ముందుగా చూసే శక్తి ఎక్కువ కావాలి.

చట్టం ఈ విషయంలో కొంత వెలితి వదిలింది. ట్యాక్సీలకు, ఆటోలకు ఫిట్‌నెస్ పరీక్షలు ఉంటాయి, ఎనిమిదేళ్ళు దాటితే ఏటా ఉంటాయి. సొంత కారుకు మోటారు వాహనాల చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ పదిహేనేళ్ళు చెల్లుతుంది, అప్పటిదాకా దాని హెడ్‌లైటును అధికారికంగా పరీక్షించే మనిషి లేడు. హెడ్‌లైటు చెడేది సరిగ్గా ఆ మధ్య కాలంలోనే. ఏటా జనవరిలో జరిపే రోడ్డు భద్రతా కార్యక్రమాల్లో డ్రైవర్లకు కంటి పరీక్షలు చేస్తున్నారు, మంచిదే. అదే శిబిరంలో ఒక బకెట్టు నీళ్ళు, ఒక బట్ట, ఒక గోడ ఉంటే బండి కళ్ళనూ పరీక్షించవచ్చు. జరిమానా రాయనక్కర్లేదు, రుద్దితే పోతుందో మార్చాలో చెప్పి పంపితే చాలు. కామారెడ్డి రవాణా కార్యాలయమూ పోలీసులూ దీన్ని పరిశీలించాలని కోరుతున్నాను.

ఈ పని ఎప్పుడు చేయించాలని అడిగితే దసరాకు ముందు అంటాను. ఎలాగూ ఆయుధ పూజకు బండి కడిగి, బొట్టు పెట్టి, దండ వేస్తాం. అప్పటికి ఎండాకాలం చేసిన చెరుపంతా అద్దం మీద కనబడుతూ ఉంటుంది, వడ్లు రోడ్డెక్కడానికి ఇంకా కొన్ని రోజులుంటాయి. వాన కురిసే రోజున మాత్రం పూత వేయించకండి. గాలిలో తేమ ఎక్కువైతే క్లియర్ కోటు పాలలా తెల్లబడి, రుద్దిన శ్రమంతా మళ్ళీ మొదటికి వస్తుంది. పొడి ఎండ కాసే రోజు చూసి, దుమ్ము పడని నీడలో కొట్టించి, ఒక రాత్రి ఆరనిచ్చి, మర్నాడు బండి తీయండి.